లింకు కింద ఫొటో

పెళ్లయి నలభై ఏళ్లు నిండుతున్నాయని సొలొమోను మాస్టారు, లూర్దమ్మ జగ్గయ్యపేటలో తమ ఇంటి ముందే కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నారు. నందిగామ కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు మెర్లిన్, కార్డులకు బదులు ఒక వెబ్‌సైటు తయారుచేసి, ఆ లింకు ముందుగా అమ్మకు వాట్సాప్‌లో పంపింది.

లూర్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. లింకు కింద చిన్న చదరపు బొమ్మ. అందులో ఆయనా లేరు, తనూ లేదు. గోడ, గోడకో క్యాలెండరు.

"మేమేరే?" అంది ఫోన్లో.

"చెరో పక్కనా ఉన్నారమ్మా. మెసేజ్‌లో ఫొటో మధ్య ముక్కే కనబడుద్ది. ఉండు, వేరేది పెడతా."

ఆదివారం మెర్లిన్ వచ్చి ఆల్బములన్నీ తిరగేసింది. గుణదల కొండ మీద, కొత్తిల్లు కట్టినప్పుడు, మాస్టారి రిటైర్మెంటు నాడు, ఎక్కడ చూసినా ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా! లూర్దమ్మకిది కొత్త కాదు. తనకు జ్వరమొస్తే తెల్లవార్లూ తడిగుడ్డ వేసే మనిషే, నలుగురిలోకి వస్తే మాత్రం ఎవరో చుట్టపాయనలా దూరంగా నిలబడతారు. సిగ్గులే అని సరిపెట్టుకుంది గానీ, ఒక్కసారైనా అందరి ముందూ పక్కన నిలబడితే బాగుండునని ఆమెకు ఎన్నాళ్లనుంచో ఆశ.

"కొత్తది తీస్తా, రండి" అంది మెర్లిన్.

మాస్టారు చొక్కా మార్చుకొచ్చి, అలవాటుగా వరండా ఆ చివర నిలబడ్డారు.

"ఇటు జరగండి నాన్నా. ఇంకాస్త."

రెండడుగులు వేసి ఆగిపోయారు. ఎదురింటి ప్రమీలారాణి గేటు పట్టుకుని ఇటే చూస్తోంది. లూర్దమ్మ మనసు చివుక్కుమంది.

"పోనియ్యవే, ఆ క్యాలెండరే ఉండనీ. ఆయన్ని ఇబ్బంది పెట్టమాక" అంది. లోపలికి వెళ్లడానికి తిరిగింది.

మాస్టారు ఆమె ముఖంలోకి చూశారు. ఏమనిపించిందో, గబగబా వచ్చి పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశారు.

"బాగా వచ్చింది! ఇంక చెయ్యి తీసెయ్యొచ్చు నాన్నా."

ఆయన తియ్యలేదు.

"ఆ చదరపు బొమ్మలో ఇద్దరం పట్టామో లేదో, ఇంకోటి తియ్యమ్మా" అన్నారు, ప్రమీలారాణి వైపే చూస్తూ.