ఇరవై నిమిషాల ఇంజన్

రిటైరైన ఆరో నెలలో సర్వేయరు ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. ఇంటికి తెచ్చి చూపించే వస్తువు కాదు కాబట్టి భార్యకు ఫొటో చూపించాడు. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు హెడ్ నర్సుగా చేసిన ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, ఇది తేలుతుందా అని మాత్రం అడిగింది.

తేలింది. అంతకుముందు రెండు నెలలు ఆయన దాన్ని ఒడ్డున పెట్టుకుని గోకాడు, రుద్దాడు, రంగు వేశాడు. ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు వదలక, చేసిన ప్రతి పనికీ నంబరు వేసి నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

చిక్కంతా ఇంజన్‌తో వచ్చింది. పేరుకి తెరచాప పడవే గానీ, ఇరుకు రేవులోంచి బయటపడేదాకా లోపలున్న చిన్న డీజిల్ ఇంజనే గతి. అది తాళం తిప్పగానే స్టార్టయ్యేది, ఇరవై నిమిషాలు బుద్ధిగా నడిచేది, ఆపైన ఆయాసం వచ్చినట్టు ఎగపోసుకుని, రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. మొదటిసారి సరిగ్గా రేవు ముఖద్వారంలో, ప్రయాణికుల లాంచీకి అడ్డంగా ఆగింది. లాంచీలోని జనమంతా ఒక పక్కకు చేరి చూశారు. కొందరు చెయ్యి ఊపారు. మర్యాద కోసం సర్వేయరూ ఊపాడు.

మర్నాడే బావమరిదిని పిలిపించాడు. నర్సుకి తమ్ముడైన అతను టీవీలు బాగుచేస్తాడు. స్క్రూ ఉన్న ఏ వస్తువునైనా విప్పగలడు. బిగించే దగ్గరే కాస్త తడబడతాడు. ఇంజన్ చప్పుడు వినగానే డీజిల్లోకి గాలి చేరుతోందని తేల్చేశాడు. డీజిల్ ఇంజన్‌కి గాలి బుడగని మించిన శత్రువు లేదని బావకి అరగంట పాఠం చెప్పి, పైపుల్లోని గాలంతా తీసేశాడు. ఇరవై నిమిషాలు నడిచింది. ఫిల్టరు మార్చాడు. ఇరవై నిమిషాలు. డీజిల్ పంపు కొత్తది వేశాడు. ఇరవై రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ తన పనితనమేనన్నాడు.

సర్వేయరు లెక్కలోకి తీసుకోలేదు. బావమరిది సరిగా బిగించని చోటే గాలి పీలుస్తోందని రోజూ దెప్పిపొడిచేవాడు. పని అయ్యాక మిగిలిపోయిన రెండు నట్లను సాక్ష్యంగా చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు. ఇంట్లో సింకు పక్కన గిన్నెలో ఇంజన్ ముక్కలేవో నానుతుండేవి. నర్సు రెండు నెలలు ఓర్చుకుంది.

చివరికి రేవులో పెద్ద పడవలు బాగుచేసే మెకానిక్కుని బతిమాలి తీసుకొచ్చారు. అతను ముందుగా ట్యాంకు మూత తీసి, లోపలికి టార్చి కొట్టి చూసి, మూత పక్కన పెట్టి ఇంజన్ వేశాడు. డాక్టరు గుమ్మంలో అడుగు పెట్టగానే దిగిపోయిన జ్వరంలా, గంటన్నర ఒక్క దగ్గు కూడా లేదు. ఇంజన్ నిక్షేపంలా ఉందని, మీ ఇద్దరికే కాస్త విశ్రాంతి అవసరమని చెప్పి, మెకానిక్కు మూత బిగించి వెళ్లిపోయాడు. ఇరవై నిమిషాలకి ఇంజన్ ఆగింది.

ఆ రోజుతో బావా బావమరుదులకి మాటలు పోయాయి. ఏ సంగతైనా నర్సు ద్వారానే నడిచేది. మీ తమ్ముణ్ణి స్పానరు ఎక్కడ పెట్టాడో అడుగు అని ఒకరు, మీ ఆయన దాని మీదే కూర్చున్నాడని చెప్పు అని ఇంకొకరు. ఆవిడకి విసుగెత్తి, ఆ ఆదివారం తనే వచ్చి పడవెక్కింది.

అలవాటు కొద్దీ చేతిగడియారం చూస్తూ కూర్చుంది. చెప్పిన టైముకే ఇంజన్ ఆగింది. డీజిల్ ఎంతుందో చూద్దామని తమ్ముడు ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమంది.

"ఆ చప్పుడేంట్రా?"

"మూత ఎప్పుడు తీసినా అంతే అక్కా. గాలి."

"బయటికొచ్చిందా, లోపలికి పోయిందా?"

అతను ఎప్పుడూ ఆలోచించలేదు. లోపలికే పోయిందనీ, మూత దగ్గరున్న గుడ్డపీలిక అంచుని లాక్కోవడం తను చూశాననీ ఆవిడ అంది.

"మా రోజుల్లో సెలైను గాజు సీసాల్లో వచ్చేది. గాలి కోసం ఇంకో సూది గుచ్చకపోతే, కాసేపు చుక్కలు పడి ఆగిపోయేది. కొత్త నర్సులు పేషెంటు నరాన్ని తిట్టుకునేవాళ్లు. ఏవండీ, ఈ ట్యాంకుకి గాలి సూది ఎక్కడుంది?"

చాలా రోజుల తర్వాత మగవాళ్లిద్దరూ ఒక్కటయ్యారు. మూడు నెలలుగా గాలిని బయటికి తోలడానికి చస్తుంటే, లోపలికి రానివ్వమంటావేమని ఆవిడ మీద పడ్డారు. ఆవిడ మూత వదులు చేసి ఇంజన్ వెయ్యమంది. గంటసేపు నడిచింది.

అప్పుడు బావమరిది ట్యాంకు పైనుంచి బయల్దేరిన సన్నటి గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ పడవ వెనక్కి పాకాడు. గొట్టం వెనక గోడలోకి దూరి ఆగిపోయింది. బయటి వైపు వంగి చూస్తే చిల్లు లేదు, నున్నటి తెల్లరంగే ఉంది. గోటితో గీకాడు. రంగు కింద పుట్టీ.

సర్వేయరు దూరంగా ఒక పక్షిని శ్రద్ధగా గమనించసాగాడు. నర్సు ఆయన సంచిలోంచి నోటు పుస్తకం తీసి పేజీలు తిప్పి, పైకి చదివింది.

"నలభై మూడు. వెనక గోడలో పనికిరాని చిల్లు ఒకటి. నీళ్లు రాకుండా పుట్టీతో పూడ్చడమైనది. చక్కగా కుదిరింది."

బావమరిది అనడానికి మూడు నెలల మాటలున్నాయి. వాటికి బదులుగా చెయ్యి చాపాడు.

"నా నట్లు ఇలా ఇచ్చెయ్యండి బావా."

సర్వేయరు జేబులోంచి తీసి ఇచ్చాడు. తర్వాత తనే వంగి, సన్నటి స్క్రూడ్రైవరుతో నలభై మూడో పనిని పెళ్లగించాడు. మూత గట్టిగా బిగించి బయల్దేరారు. ఇరవై నిమిషాలు దాటాయి, నలభై దాటాయి. రేవు వెనకపడి చుట్టూ నీళ్లే మిగిలాయి. సర్వేయరు దర్జాగా ఇంజన్ ఆపి, ఇక తెరచాప ఎత్తుదామన్నాడు.

మూడు నెలలూ ఇంజన్‌తోనే సరిపోవడంతో తెరచాప సంగతి ఎవరూ నేర్చుకోలేదు. అది తలకిందులుగా పైకెళ్లి, సగంలో ఇరుక్కుంది. బావ ఈ తాడు లాగమన్నాడు, బావమరిది ఆ తాడన్నాడు. తప్పు నీదంటే మీదని, మధ్యవర్తి అవసరం లేకుండా నేరుగా దెబ్బలాడుకోసాగారు. తీర్పు చెప్పమని ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

నర్సు అప్పటికే చెప్పులు విడిచి, నీడలో కాళ్లు బారజాపుకుని పడుకుంది. తనకి తెరచాపల గురించి ఏమీ తెలియదని, తెలిసినా ఈ పూటకి చెప్పనని అంది.