పసుపు పెట్టిన యాభై డాలర్లు

నేను ఒక యాభై డాలర్ల నోటుని. పుట్టింది అమెరికాలో. నా ఒంట్లో ఉన్నది పత్తీ నారా కాబట్టి మీ చొక్కాలకీ నాకూ దూరపు చుట్టరికం ఉంది లెండి. ఎన్ని చేతులు మారానో చెప్పుకుంటూ పోతే మీకు విసుగు. ఒక హోటల్ గల్లాపెట్టె, ఒక నావికుడి బూటు (వాసన సంగతి అడక్కండి), ఆపైన విశాఖపట్నంలో డబ్బు మార్చే దుకాణం. అక్కడే నన్ను దానయ్య కొన్నాడు.

దానయ్య హార్బర్లో ముప్పై నాలుగేళ్లు క్రేను నడిపి రిటైరయ్యాడు. ఊరందరి సరుకూ ఓడలకెక్కించాడు గానీ తనెప్పుడూ ఎక్కి ఎరగడు. ఇన్నాళ్లకి భార్య పోలమ్మతో చెన్నైలో విహార నౌక ఎక్కుతున్నాడు. శ్రీలంకలో, ట్రింకోమలీ రేవులో ఓడ ఆగేది ఒక్క పూట. ఆ పూటలో పోలమ్మకి కావలసింది ఒక్కటే, తిమింగలాన్ని చూడాలి. వాళ్ల అయ్య ఒకసారి వేటకెళ్లొచ్చి, ఇల్లంత తిమింగలం తెప్ప పక్కనే తేలిందంటే పేటంతా పగలబడి నవ్విందట. పోయేదాకా ఆయన్ని కోతలరాయుడనే పిలిచారు. నవ్వినవాళ్లలో అల్లుడు దానయ్యా ఉన్నాడు.

"ఏ బజారుకెళ్తే ఆ బజారు డబ్బు కావాలి గదండీ," అంది పోలమ్మ దుకాణంలో. శ్రీలంక రూపాయలు తెప్పిస్తామని కౌంటర్లో ఆవిడా చెప్పింది.

"డాలరంటే ఏటనుకున్నావే? చూపిస్తే లోకమంతా లేచి నిలబడాల!" అన్నాడు దానయ్య. నేను ఉబ్బిపోయాను, అబద్ధమెందుకు.

ఇంటికి కొత్త సొమ్ము వచ్చిందని పోలమ్మ నన్ను దేవుడి దగ్గర పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, దణ్ణం పెట్టుకుంది. నాకు మహా సంబరమేసింది. అంతకుముందు నాకు దణ్ణం పెట్టినవాళ్లు లేరు మరి.

ట్రింకోమలీలో దిగగానే డబ్బు మార్చే కిటికీ దగ్గరికి వెళ్లాం. అక్కడి మనిషి నన్ను వెలుగుకు పట్టి చూశాడు, గోటితో గీకాడు, వాసన చూశాడు. మరక నోట్లు మేం తీసుకోం అంటూ తోసేశాడు. ఇంకో చోటా అదే పాట. ఇండియా రూపాయలు దానయ్య ఓడగదిలోనే వదిలేశాడు. బ్యాంకు కార్డు విదేశాల్లో పనిచేయాలంటే ముందే చెప్పాలట, చెప్పలేదు.

"నువ్వు పసుపు పుయ్యబట్టే!"

"మీరు డాలరు పట్టుకురాబట్టే!"

ఇద్దరి మధ్యా నేను సిగ్గుతో చచ్చాను. మధ్యాహ్నానికల్లా మళ్లీ ఓడెక్కాలి. ఒడ్డున ఉన్న శివనేశన్ అనే పడవవాడు కూడా నన్ను చూసి తల అడ్డంగా ఊపేశాడు. పోలమ్మ ఇసకలో కూలబడింది. "మా అయ్యని నమ్మింది నేనొక్కదాన్నే. ఇంత దూరం వచ్చి ఒట్టి చేతుల్తో పోవాలా?" అని ఏడ్చింది.

పక్కనే చేపలు ఎండబెడుతున్న శివనేశన్ తల్లి లేచి వచ్చింది. నన్ను అందుకుని, పసుపు చూసి, కళ్లకద్దుకుని కొడుకుని తమిళంలో ఎడాపెడా వాయించింది. వీళ్లకి ఆ భాష రాకపోయినా సంగతి అర్థమైంది. వాడు గొణుక్కుంటూ నన్ను జేబులో పెట్టుకుని ఇంజను తిప్పాడు. ఇప్పుడు నా కాపురం ఆ ముసలావిడ దేవుడి పటం వెనకాలే. మళ్లీ బజారు ముఖం చూసే యోగం లేదు, దిగులూ లేదు. హాయిగా ఉన్నాను. సరే, ఆ పూట సంగతి ముగించనివ్వండి.

గంటసేపు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. శివనేశన్ పడవ తిప్పబోతుంటే ఎదురుగా సముద్రం బుస్సుమంది. పల్చటి జేబు గుడ్డలోంచి నేనూ చూశాను. నీలంగా, నున్నగా ఒక వీపు పైకి లేచి, మా పడవ పక్కనుంచి వెళుతూ వెళుతూ ఎంతకీ అవ్వలేదు. పోలమ్మ కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

దానయ్య ఊగుతున్న పడవలో లేచి నిలబడి చేతులు జోడించాడు.

"మావా, తప్పయిపోయింది. నువ్వు చెప్పింది నిజమే," అన్నాడు.

పోలమ్మ ముక్కు చీదుకుని, "గట్టిగా చెప్పండి," అంది. "మా పేటకి వినబడాల."