టీ పక్కన హెచ్

ఆత్మకూరు నర్సింగ్ హోమ్‌లో ఫ్రిజ్ తలుపు తీసిన జీపు డ్రైవర్ కామయ్య, ఐసు డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఓ నెగెటివ్ రక్తం ప్యాకెట్ ఉండాల్సిన అర ఖాళీగా ఉంది.

ఉదయగిరిలో అదే యాజమాన్యం నడిపే రెండో నర్సింగ్ హోమ్‌లో చెంచులక్ష్మికి కాన్పయ్యాక రక్తం ఆగడంలేదు. ఆ ఒక్క ప్యాకెట్ కోసమే అతను అక్కడినుంచి గంటన్నర జీపు తోలుకొచ్చాడు. పదకొండు గంటలకి ఉదయగిరి కంప్యూటర్ తెరమీద “ప్యాకెట్ మీకే” అని వచ్చింది. అదే నిమిషంలో ఆత్మకూరు తెరమీదా అదే మాట వచ్చింది. మర్రిపాడు దగ్గర లారీ బోల్తాపడి వచ్చిన మనిషికి ఇక్కడి డాక్టరు దాన్ని ఎక్కించేశాడు.

రెండు చోట్లకీ ఒకటే డేటాబేస్, టెలిఫోన్ లైను మీద. ప్రోగ్రాం రాసిన శాంతికుమార్ ఆ రోజు ఆత్మకూరులోనే ఉన్నాడు. రక్తం కేటాయించే ముందు ప్రోగ్రాం ఒక తాళం అడగాలి. అది ఒకరి చేతిలో ఉన్నంతసేపూ రెండోవాళ్లు ఆగాలి. పేరుతో నడిచే తాళం అది. ఇద్దరూ ఒకే పేరు అడిగితేనే పనిచేస్తుంది.

శాంతికుమార్ రెండు ప్రోగ్రాములూ తెరిచి చూశాడు. ఉదయగిరి దాంట్లో ‘రక్తం’ ఇంగ్లీషు అక్షరాల్లో వట్టి టీతో ఉంది. ఆత్మకూరు దాంట్లో టీ పక్కన హెచ్. పోయిన నెల ఉదయగిరి నుంచి ఫోన్‌చేసి, ఇక్కడి ఆపరేటర్ పెంచలప్రసాద్‌కి ఆ పేరు చెప్పింది తనే. రక్తం అని కొట్టరా, అంతే అన్నాడు. తెలుగులో ఒకటే మాట. కంప్యూటర్‌కి రెండు తాళాలు.

ఉదయగిరికి ఫోన్ కలిపాడు. హెడ్ నర్సు లిదియమ్మ ఎత్తింది. ప్యాకెట్ లేదని, వెంటనే నెల్లూరు తీసుకెళ్లమని చెప్పాడు.



“పదకొండుకే చెంచులక్ష్మి వాళ్ల నాయన కారు తెచ్చి నిలబెట్టినాడు. రక్తం వస్తా ఉండాది, కదిలించొద్దని నేనే ఆపినాను.”

“ఇప్పుడైనా బయల్దేరండక్కా.”

“ఆ పిల్ల పోయి పది నిమిషాలయింది శాంతీ. ప్యాకెట్ ఇంకా మా పేరుమీదే చూపిస్తా ఉండాది. తీసెయ్యి.”

లారీ మనిషి కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడని కామయ్య వచ్చి చెప్పాడు. శాంతికుమార్ తలూపాడు.

రెండు ప్రోగ్రాముల్లోనూ ‘రక్తం’ చెరిపేశాడు. ఈసారి తాళానికి మాట పెట్టలేదు. ఆసుపత్రి రిజిస్టర్‌లోని చెంచులక్ష్మి నంబరు పెట్టాడు. నాలుగు వందల పదిహేడు. పెంచలప్రసాద్‌ని పిలిచి, రెండు తెరల మీదా ఒక్కో అంకెనీ పైకి చదివించాడు.