అతియా శారీస్

శ్రీశైలం రోడ్డు మీద, కల్వకుర్తి దాటగానే కట్టిన మున్సిపల్ కాంప్లెక్సులో తొమ్మిదో నంబరు మడిగె నాది. ఆరేళ్లుగా అందరికీ అట్లనే చెప్పుకుంటున్నాను. కాగితాల్లో మాత్రం అది వికలాంగుల కోటాలో టైలర్ రజాక్‌కు వచ్చింది. చిన్నప్పుడే పోలియోతో ఆయన కాలు చచ్చుబడింది. చేతిలో పెట్టుబడి లేదు. "పేరు నీది ఉండనీ అన్నా, దుకాణం నేను నడుపుకుంట. వరండాల నీ మిషన్ ఏసుకో" అన్నాను. నా చీరలకు ఫాల్ కుడుతూ అక్కడే ఉండిపోయాడు. ఎండాకాలం ఆయనకొక ఫ్యాను కూడా పెట్టించి, నా అంత ధర్మాత్మురాలు లేదనుకున్నాను.

మొన్నామధ్య వాచ్‌మన్ లింగయ్య ఉరికొచ్చాడు.

"మంజులతక్కా, రేపు తనిఖీ అంట. ఎవల పేరు మీదుంటే వాళ్లే కూసోవాలె. లేకుంటే మడిగెకు తాళమే."

లోపల నిండా నారాయణపేట చీరలు. వెంటనే 'మంజులత శారీస్' బోర్డు దించేశాను. కొత్త ఫ్లెక్సీ మీద ఏం పేరు రాయించాలని అడిగితే రజాక్ సిగ్గుపడుతూ అన్నాడు, "మా బిడ్డ పేరు పెట్టు చెల్లె. అతియా శారీస్."

మర్నాడు పొద్దున నాకంటే ముందే వచ్చాడు. పండుగ అంగీ వేసుకుని, అత్తరు రాసుకుని గడప దగ్గరే నిలబడ్డాడు. ఎప్పుడో ఒకసారి, మిషన్ నూనె చేతులతో లోపలికి రావద్దని కసిరాను. అప్పటి నుంచి ఆయన గడప దాటనేలేదు. ఇప్పుడు రెండు చేతులూ చాపి చూపించాడు.

"సబ్బుతోని కడుక్కున్న చెల్లె."

లోపలికి పిలిచి, నేను కూర్చునే గద్దె మీద కూర్చోబెట్టాను. ఆఫీసరు వచ్చి, దుకాణం ఎవరిదని అడిగాడు.

"నాదే సారు."

"మరి ఈమె?"

"మా చెల్లె. నాకు కాలు సరిగ లేదు గద సారు, ఆమెనే ఆసరా."

ఆఫీసరు సంతకం పెట్టి వెళ్లాడు. ఆయన పక్క మడిగెలోకి పోయాడో లేదో, నేను లింగయ్యను నిచ్చెన తెమ్మన్నాను. నా తొందర తగలెయ్య!

ఫ్లెక్సీ ఒక కొస విప్పేసరికి మెట్ల మీద అతియా. పక్కన కాలేజీ దోస్తులు ఇద్దరు.

"గిదేనే మా దుకాణం!" అంటూ ఫోను తీసింది. నన్ను చూసి, "బోర్డెందుకు దించుతాండ్రు ఆంటీ?" అని అడిగింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఒక్క రోజు ముచ్చటేనని ఇంట్లో బిడ్డకు చెప్పడానికి ఆ తండ్రికి నోరు రాలేదు.

"గాలికి ఊగుతాంది బిడ్డా, గట్టిగ కట్టిపిస్తున్నం" అన్నాడు రజాక్ లోపలి నుంచి. నా కోసం ఆ రోజు ఆయన ఆడిన రెండో అబద్ధం అది.

లింగయ్య మళ్లీ కట్టాడు. అతియా తండ్రిని గద్దె మీదే కూర్చోబెట్టి, నన్ను కూడా పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుంది. నవ్వమంటే నవ్వాను.

పిల్లలు వెళ్లాక రజాక్ గద్దె దిగి, గోడ పట్టుకుని వరండాలోకి నడిచాడు.

"ఇగ దించుకో చెల్లె."

వద్దనాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ దింపించాను.

ఇప్పుడు సాయంత్రం పనయ్యాక ఆ ఫ్లెక్సీనే మిషన్ మీద కప్పి పోతున్నాడు, బిడ్డ పేరు కనబడకుండా లోపలికి మడిచి. ఆయన ఇంకా నన్ను చెల్లె అనే పిలుస్తున్నాడు. అన్నా అని పలకడానికి నాకే ముఖం చెల్లడం లేదు.