ఊరందరి నంబరు

నేను ఒక డబ్బా ఫోన్‌ని. కంపెనీవాళ్ళు నాకేదో గొప్ప పేరే పెట్టారట, అట్టపెట్టె మీద అచ్చు కూడా వేశారట. కానీ ఆ పేరుతో నన్ను పిలిచిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. వేలెడంత తెర, అరిగిపోయిన మీటలు, నెత్తిన ఒక టార్చి లైటు, ఇదీ నా వైభవం. అయినా నన్ను చూసి నవ్వకండి. తణుకు బస్టాండు చుట్టుపక్కల వీధుల్లో సగంమంది తరఫున ఆదాయప్పన్ను శాఖవారి కబుర్లు అందుకున్నది నేనే. పాన్ కార్డులు వాళ్ళవి, సంపాదనలు వాళ్ళవి, నంబరు మాత్రం నాది.

నేను పుట్టింది మద్రాసు అవతల ఒక పెద్ద రేకుల షెడ్డులో. నీలం టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి నా మీటలన్నీ వరసగా నొక్కి, నన్ను చెవికి ఆనించుకుని, బాగానే ఉందన్నట్టు తల ఊపింది. అంత శ్రద్ధగా నన్ను పట్టించుకున్న మనిషి మళ్ళీ చాలాకాలం దొరకలేదు. మొదట నన్ను కొన్నది ఒక ధాన్యం కమీషన్ వ్యాపారి. ఆయన నాలోకి అరిచే అరుపులు అవతలివాడికి ఫోను లేకపోయినా వినపడేవి. పెద్ద తెర ఫోను మీద మోజు పుట్టగానే ఆయనకు నేను కూరలో కరివేపాకునైపోయాను. ఆ కొత్త ఫోన్లోకి నంబర్లన్నీ ఎక్కించిపెట్టినందుకు బదులుగా నన్ను బుల్లెంకట్రావు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

బుల్లెంకట్రావు బస్టాండు ఎదుట నెట్ సెంటర్ నడిపేవాడు. మంచివాడు. ఎవరి పనైనా తన పనే అనుకునే రకం. అసలు చిక్కంతా ఆ మంచితనంలోనే ఉంది.

జులై నెల వచ్చిందంటే మా సెంటర్ ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. రిటర్నులు వేసే నెల కదా, వచ్చినవాళ్ళందరి నోటా ప్రశ్నలే. "పన్నే పడనప్పుడు రిటర్ను ఎందుకండీ?" అని ఒకరు. "అంకె తప్పు పడితే జైల్లో పెడతారేటండీ?" అని ఇంకొకరు. ఒక టీచరుగారు అద్దె రసీదుల దగ్గర్నుంచి అత్తగారి ఆస్పత్రి బిల్లుల దాకా సంచెడు కాగితాలు మోసుకొచ్చారు. వాటిలో ఒక్కటీ రిటర్నుకు జతచెయ్యక్కర్లేదని తెలిసి, పెళ్ళికి పిలిచి భోజనం పెట్టకుండా పంపినంత చిన్నబుచ్చుకున్నారు.

బుల్లెంకట్రావు విసుక్కునేవాడు కాదు. "పన్ను పడకపోయినా, ముందే పట్టేసుకున్నది వెనక్కి రావాలంటే రిటర్ను వెయ్యాలండి. తప్పు పడితే గడువులోగా సరిచేసి మళ్ళీ వేసుకోవచ్చు, జైలేటండీ బాబూ! కాయితాలు ఇంట్లో భద్రంగా దాచుకోండి, అడిగినప్పుడు చూపిద్దురుగాని. పంపేశాక ఇది నాదేనని ఒప్పుకుంటూ ఇంకోసారి నొక్కాలండోయ్. అది నొక్కకపోతే పంపనట్టే లెక్క" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు.

ఇంతవరకూ బాగానే ఉండేది. ఆ తర్వాత ఫోన్ నంబరు చెప్పమని కంప్యూటరు అడిగేది. ఒకరి ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉండిపోయేది. ఒకరిది కొడుకు పట్టుకుపోయేవాడు. ఒకరికి తమ నంబరు తమకే తెలియదు, ఎందుకంటే తమకు తాము ఎప్పుడూ ఫోన్ చేసుకోలేదు కదా. "మీకెందుకండీ శ్రమ, నాది పెట్టేస్తాను" అనేవాడు బుల్లెంకట్రావు. తన సొంత ఫోను నంబరు కూడా కాదు, సెంటర్ కోసమని సిమ్ము వేసిన నాదే. నన్ను పురికొసతో గోడ మేకుకు వేలాడదీశాడు. ఇక చూడండి, నాకు ఊపిరాడేది కాదు. టింగుమని మోగడం, ఓటీపీ రావడం. అందులో అంకెలుండేవి గానీ మనిషి పేరుండేది కాదు. "ఎవరిదండీ ఇది?" అని బుల్లెంకట్రావు అరిచేవాడు. "నాదే" అని ఇద్దరు ముగ్గురు లేచేవారు. ఒకరిది ఇంకొకరికి కొట్టి, అది కుదరక, మళ్ళీ మొదటికి వచ్చేవారు.

బీరువా తాళంచెవి కట్టుకున్న భార్యకు కూడా చూపించని పెద్దమనుషులు, తమ రాబడి తాళం మాత్రం మేకుకు వేలాడే నాకు ఒప్పజెప్పి టీ తాగడానికి వెళ్ళేవారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకున్నాను.

ఒక్క నూకరత్నం మాత్రం అడిగింది.

నూకరత్నం వసారాలో కుట్టుమిషన్లు వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. కుట్టు ఆవిడది, చొక్కా లోపలి చీటీ మీద పేరు మాత్రం ఒక కాంట్రాక్టరుది. ఆయన కూలి ఇచ్చేటప్పుడే పన్ను కొంత మినహాయించేవాడు. అది వెనక్కి తెచ్చుకోవడానికి ఆవిడ ఏటా మా సెంటర్‌కు వచ్చేది. మొదటి ఏడాది నా నంబరు ఎక్కిస్తుంటే బుల్లెంకట్రావు చెయ్యి ఆపింది.

"అది నా నంబరు కాదుగా తమ్ముడూ. రేపు నువ్వు ఇక్కడ లేకపోతే నేనెవర్ని అడగాలి?"

"నేనెక్కడికెళ్తానక్కా? ఇక్కడే పుట్టాను, ఇక్కడే ఉంటాను. పోనీ మీ నంబరు చెప్పండి, అదే పెడతాను."

ఆవిడ ఇంటికంతటికీ ఒకటే ఫోను, అది భర్త సూర్రావు జేబులో అతను నడిపే స్కూలు వ్యానుతోపాటు ఊరంతా తిరిగేది. "సరే, నీదే పెట్టు" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం కొంచెం చిన్నబోయింది. నాకు బాధేసింది.

ఏటా రిటర్ను వేశాక బుల్లెంకట్రావు ఒక కాగితం అచ్చుతీసి ఇచ్చేవాడు. రిటర్ను అందినట్టు అదే గుర్తు. డబ్బు వచ్చేశాక ఇక దాంతో పనేముందని నూకరత్నం దాన్ని కాలరు కొలతకు కత్తిరించేసేది. కుట్టుపనివాళ్ళ కంటికి గట్టి కాగితం కనపడితే ఊరుకుంటారా! ఒక ఏడాది రిటర్ను ఐదో తరగతి కాలరయింది, ఇంకో ఏడాదిది ఎనిమిదో తరగతి జేబయింది.

తర్వాత జనం చేతుల్లోకే నెట్ వచ్చేసింది. సెంటర్ అద్దెకు కూడా గిట్టుబాటు కాలేదు. బుల్లెంకట్రావు కంప్యూటర్లు అమ్మేసి, అదే బస్టాండు పక్కన చికెన్ పకోడీ బండి పెట్టాడు. నిజం చెప్పాలి కదా, సెంటర్ కంటే పకోడీయే బాగా నడిచింది. సెంటర్ పేరూ నా నంబరూ ఉన్న పాత ఫ్లెక్సీని బండికి పైకప్పుగా కట్టాడు. నన్ను సొరుగులో ఉల్లిపాయల పక్కన పడేశాడు. కరెంటు పోయినప్పుడు బయటికి తీసి, నా టార్చితో బాణలిలోకి చూసేవాడు. ఊరందరి ఆదాయాలు మోసిన నేను, పకోడీ వేగిందో లేదో చెప్పే ఉద్యోగంలో కుదురుకున్నాను. గుర్తొచ్చినప్పుడు నాకు రీచార్జి చేయించేవాడు. గుర్తు రాకపోతే లేదు.

అలా ఉండగా ఒక శుక్రవారం సాయంత్రం, తుంపర పడుతుంటే, నూకరత్నం బండి దగ్గరికి వచ్చింది. పకోడీ కోసం కాదు. వెనకే స్కూటీ మీద ఒకావిడ, ఒళ్ళో లాప్‌టాప్ సంచి. ఆవిడ హైమవతి గారు, ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ఆడిటరు.

సంగతేమిటంటే, ఒక పెద్ద బడివాళ్ళు యూనిఫారాలకు టెండరు పిలిచారు. ఈసారి కాంట్రాక్టరు చాటున కాకుండా తన పేరుతోనే వెయ్యాలని నూకరత్నం పట్టుబట్టింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడతో కలిసి కుడతామని మాటిచ్చారు కూడా. టెండరుకు మూడేళ్ళ రిటర్ను కాపీలు పెట్టాలి, సోమవారం మధ్యాహ్నంలోగా కవరు అందాలి. కాపీలేమో కాలర్లయిపోయాయి. మళ్ళీ తీద్దామంటే పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. కొత్తది పెట్టుకోవాలంటే ఓటీపీ రావాలి. అది పోయే నంబరు చివరి అంకెలు మాత్రమే తెర మీద కనపడ్డాయట. అవి మూతపడిన సెంటర్ నంబరువేమోనని అనుమానమొచ్చి బస్టాండుకొచ్చిన నూకరత్నానికి, బండి మీద ఫ్లెక్సీలో అవే అంకెలు కనిపించాయి.

"తమ్ముడూ, ఇక్కడే ఉంటానన్నావుగా. ఉన్నావులే, బతికిపోయాను" అంది ఆవిడ.

బుల్లెంకట్రావు చేతిలో జల్లెడగరిటె అలాగే ఆగిపోయింది. "అయ్ బాబోయ్, మీ పాస్‌వర్డ్ నాకూ గుర్తులేదక్కా. అవన్నీ రాసుకున్న కంప్యూటరే అమ్మేశాను" అంటూ సొరుగు లాగి నన్ను తీశాడు. నాలో ప్రాణం లేదు. పక్క కిళ్ళీకొట్టులో ఛార్జింగు పెట్టించి, రీచార్జి చేయించాడు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పట్టకపోతే రబ్బరుబ్యాండు వేశాడు. నా తెర వెలిగింది. సిగ్నలు గీతలు ఒక్కొక్కటే లేచాయి. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

హైమవతి గారు పకోడీ పళ్ళేలు పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచారు. ఓటీపీ పంపమని నొక్కారు. నలుగురం ఎదురుచూశాం, నన్ను కూడా కలుపుకుంటే. రాలేదు. మళ్ళీ నొక్కారు. రాలేదు.

"సిమ్ము ఆపేశారేమో" అన్నాడు బుల్లెంకట్రావు నీరసంగా.

ఆపెయ్యలేదు. నాకు తెలుసు, కానీ చెప్పే నోరేది? నా మెసేజీల పెట్టె నిండిపోయింది. ఏళ్ళ తరబడి వచ్చిన ఓటీపీలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటీ ఎవరూ తీసెయ్యలేదు. కొత్తది గుమ్మం దాకా వచ్చి, చోటు లేక బయటే నిలబడిపోయింది. తెర మూలన చిన్న కవరు బొమ్మ మిణుకుమిణుకుమంటూ ఆ సంగతే చెబుతోంది. దాన్ని నూకరత్నం చూసింది. సూదిలో దారం ఎక్కించే కళ్ళు కదా.

"ఇదేంటి తమ్ముడూ, ఈ కవరు కొట్టుకుంటా ఉంది?"

"ఓర్నీ! నిండిపోయిందక్కా!"

నూనె చేతులు తుడుచుకుని బుల్లెంకట్రావు చెరపడం మొదలుపెట్టాడు. మీకెలా చెప్పను? టీచరుగారి ఓటీపీ పోయింది. టీ తాగడానికి వెళ్ళిన పెద్దమనుషులవి పోయాయి. "నాదే" అంటూ లేచినవాళ్ళవి పోయాయి. నా బతుకంతా ఆ అంకెలే. ఒక్కొక్కటి పోతుంటే నిజంగా దుఃఖం వచ్చింది. కానీ వాటిలో ఒక్కటైనా ఎవరికైనా పనికొచ్చేదా? కాలం చెల్లిన అంకెల్ని ధనంలా దాచుకుని, పనికొచ్చేదాన్ని గుమ్మం బయట నిలబెట్టాను. మనుషుల్ని చూసి నవ్వే నేను కూడా వాళ్ళ దగ్గర బాగానే నేర్చుకున్నాను.

టింగుమంది.

బుల్లెంకట్రావు అలవాటు కొద్దీ "ఎవరిదండీ ఇది?" అని అరవబోయి, నాలిక్కరుచుకుని, నన్ను నూకరత్నం చేతిలో పెట్టాడు. ఆవిడ అంకెలు చూసి లాప్‌టాప్‌లో తనే కొట్టింది. కొత్త పాస్‌వర్డ్ అడిగింది తెర. ఆవిడ హైమవతి గారి వంక చూసింది.

"మీరే పెట్టండమ్మా. ఎవరూ ఊహించలేనిది పెట్టండి. నేనటు తిరుగుతాను" అని హైమవతి గారు నిజంగానే బస్టాండు వైపు తిరిగి కూర్చున్నారు. బుల్లెంకట్రావు కూడా బాణలి వైపు తిరిగాడు. నూకరత్నం ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఏం కొట్టిందో నేను చూశాను గానీ చచ్చినా చెప్పను.

మూడేళ్ళ రిటర్నులూ తెర మీదికి వచ్చాయి. పైన ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా. ఆవిడ పమిటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "తుంపర పడతందండి" అంది. ఫ్లెక్సీ కింద తుంపరేమిటని ఎవరూ అడగలేదు.

"కాపీలు రేపు పొద్దున్నే అచ్చుతీసిస్తాను. మళ్ళీ కాలర్లు కత్తిరిస్తే ఊరుకోను సుమండీ" అన్నారు హైమవతి గారు. "ఇప్పుడు నంబరు కూడా మార్చేద్దాం. మీ నంబరు చెప్పండి."

"మా ఆయన నంబరుందండి."

"మీది అడిగానండి."

నూకరత్నం చేతిలో ఉన్న నన్ను తిప్పి చూసింది, చీర అంచు చూసినట్టు. "తమ్ముడూ, ఈ డబ్బా నాకిచ్చెయ్యి. సిమ్ము నేను కొనుక్కుంటాను" అంది.

"వారం ఆగక్కా. ఇందులో ఇంకా ఊరంతా ఉంది" అన్నాడు బుల్లెంకట్రావు.

సోమవారం టెండరు కవరు వేళకే అందింది. ఆ వారమంతా బుల్లెంకట్రావు పకోడీకి వచ్చిన పాత ఖాతాదార్లను ఒక్కరినీ వదల్లేదు. "ముందు నంబరు మార్చుకోండి, తర్వాత పొట్లం కడతాను" అని పట్టుకున్నాడు. హైమవతి గారు సాయంత్రాలు బండి పక్కనే స్టూలు వేసుకున్నారు. టీచరుగారు మళ్ళీ సంచెడు కాగితాలతోనే వచ్చారు. ఒక్కొక్కరూ తమ నంబరు తాము పెట్టుకుని వెళ్తుంటే, నా మోత తగ్గుతూ వచ్చింది. చివరికి ఒక సాయంత్రమంతా నేను మోగలేదు. ఎవరికీ అక్కర్లేకపోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. బుల్లెంకట్రావు నా పాత సిమ్ము తీసేసి, నన్ను గుడ్డతో తుడిచి, మాట ప్రకారం నూకరత్నానికి ఇచ్చాడు.

ఇప్పుడు నేను ఆవిడ వసారాలో, మళ్ళీ ఒక మేకుకే, ఈసారి తెల్లదారంతో వేలాడుతున్నాను. కింద మిషన్లు దడదడలాడుతుంటాయి. నాలో ఉన్నది ఒక్క మనిషి. ఈ ఏటి రిటర్నుకు నా నంబరే పెట్టారు, బడివాళ్ళకు పంపిన మాదిరి చొక్కాకు కట్టిన చీటీ మీదా అదే రాశారు. అందినట్టు వచ్చిన మెసేజీని ఆవిడ నలుగురికీ చూపించి, మళ్ళీ మళ్ళీ చదువుకుని, తర్వాత తనే చెరిపేసింది, పెట్టె నిండిపోకూడదని.

మొన్న మధ్యాహ్నం నేను మోగాను. మిషన్లన్నీ ఆగిపోయాయి. బడివాళ్ళ ఆఫీసు నుంచి ఫోను. మీరు పంపిన చొక్కా నచ్చింది, పిల్లల కొలతలకు ఎప్పుడొస్తారని అడగడానికట. అది తర్వాత తెలిసిన సంగతి. ముందు అవతలి గొంతు అడిగింది వేరే.

"నూకరత్నం గారి నంబరేనాండీ?"

ఆవిడ వేలికున్న దారం విప్పుకుని, నన్ను చెవికి ఆనించుకుని, ఊపిరి తీసుకుంది.

"ఆయ్. నా నంబరేనండి."