తలుపులు బిగించిన పాలిష్ గది

మా తమ్ముడి కాలేయం చెడిపోయింది. తాగి చెడగొట్టుకున్నాడు, దాచేదేముంది! మార్పిడి చెయ్యాలంటే ఆరు నెలలు చుక్క ముట్టకూడదు, నెలనెలా మూత్రపరీక్ష చేయించుకోవాలి, అన్నీ సరిగ్గా వస్తేనే జాబితాలో పేరు ఎక్కిస్తామన్నారు డాక్టరమ్మ.

ఆ సంగతి మా చెక్క సామాన్ల కార్ఖానాలో తెలిసిన రోజు రంపాలు ఆగి నోళ్ళు లేచాయి.

"ఏ పాపం ఎరగనివాళ్ళకే దొరకట్లేదు. తాగుబోతుకి కొత్త కాలేయమా!" అన్నాడు చెక్కడం పని చేసే మామ.

"ఇస్తే మాత్రం? దాన్నీ నానబెడతాడు," అంది టీ తెచ్చే ఆవిడ.

అందరూ నవ్వారు. సొంత అన్నని, నేనూ తలూపాను.

ఐదు పరీక్షలు బాగానే వచ్చాయి. ఊరికే కూర్చుంటే మనసు సీసా మీదికి పోతుందని నేనే పిలిచి కూర్చుని చేసే పని అప్పజెప్పాను. చెక్క బీరువాకి లక్క పాలిష్. స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో పూత మీద పూత వెయ్యాలి. తడి మీద దుమ్ము పడకుండా తలుపులూ కిటికీలూ బిగించడం మా పద్ధతి. వాడు మూడు రోజులు ఆ గదిలోనే ఉన్నాడు.

నాలుగో రోజు ఆరో పరీక్ష. తాగినట్టు వచ్చింది.

"ఒట్టు అన్నయ్యా, ముట్టలేదు."

"ఛీ! నువ్వు చచ్చినా మారవు," అన్నాను. నా నోరు పడిపోను, చావు దగ్గరున్నవాణ్ణి అంతమాట అన్నాను.

మరదలు వాడి చొక్కా తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "వాసన చూడండి బావగారూ. ఇది సీసాదా, మీ గదిదా?"

స్పిరిట్ గుప్పుమంది. అదీ సారాయి జాతే, గాలాడని గదిలో మూడు రోజులు వాడు పీల్చింది అదే! డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. "ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెబుతారండీ," అన్నారావిడ.

సరే అని తిరిగొచ్చి, అదే గదిలో తలుపులు బిగించుకుని మూడు రోజులు ఒక మంచానికి పాలిష్ వేశాను. బుద్ధెరిగాక చుక్క రుచి చూడనివాణ్ణి. నాలుగో రోజు నా మూత్రం పరీక్షకిచ్చాను.

ల్యాబ్ అమ్మాయి కాగితం చూసింది, నన్ను చూసింది. "పెద్దవారు, ఈ వయసులోనైనా మానెయ్యకూడదాండీ?"

"అమ్మా, నేను తాగను!"

"అందరూ అదే అంటారు."

పక్క కుర్చీలో ఆయన కాస్త ఎడంగా జరిగాడు. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

డాక్టరమ్మ మాత్రం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తమ్ముడికి వేరే రక్తపరీక్ష రాశారు. అందులో తాగలేదని తేలింది, వాడి పేరు జాబితాకెక్కింది.

నా కాగితం వాడికి చూపించాను. "నన్ను కూడా ఎవరూ నమ్మలేదురా."

వాడు దాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు. "ఊళ్ళోవాళ్ళు నమ్మకపోతే పోనీ అన్నయ్యా. నువ్వు నమ్ముతావనుకున్నాను."

కార్ఖానాకొచ్చి పాలిష్ గది కిటికీలన్నీ తెరిచాను.

"దుమ్ము పడుతుందయ్యా!" అని మామ అరిచాడు.

"పడనీ," అన్నాను.