చేతులు ఖాళీ లేవు

ఫారెస్టు బీట్ గార్డు ఓంప్రకాశ్ బూటుకాలితో తన్నగానే యాకమ్మ చిన్నమ్మ మూట విచ్చుకుపోయింది. బీడీలు చుట్టే తునికాకు తోవంతా చెదిరిపోయింది. తెల్లవారకముందే నల్లగుట్ట ఎక్కి, వంగి వంగి కోసిన ఆకు అది. ఎండ ముదిరేలోపు కట్టలు కట్టకపోతే వాడిపోతుంది. వెనుకే వచ్చిన ఫారెస్టు జీపు ఆ ఆకు మీదుగానే పోయింది.

"గుట్ట బందయింది. ఇగ ఎవ్వలు ఎక్కద్దు," అన్నాడు ఓంప్రకాశ్.

"ఎవడు బందు జేసిండు?" అన్నది చిన్నమ్మ.

"మీరే. మీటింగుల చప్పట్లు గొట్టి ఒప్పుకున్నరు గదా. గిదో, వీడియో."

అతని ఫోన్‌లో మేమంతా ఉన్నాం. చలికాలంలో మా బడిలో పెట్టిన మీటింగ్ అది. వరంగల్ నుంచి వచ్చిన ఫారెస్టు పెద్దసారు అభయారణ్యం ప్రణాళికను తెర మీద చూపిస్తూ ఇంగ్లీషులో చదివాడు. మా ఊళ్లో ఎవరు మాట్లాడి ఆపినా చప్పట్లు కొట్టడం మర్యాద. బడి పిల్ల పద్యం మరిచిపోయి నిలబడ్డా కొడతాం. ఆ రోజు సారు మంచినీళ్లు తాగడానికి ఆగినప్పుడు కూడా కొట్టాం. దాన్నే ప్రజాభిప్రాయం అన్నారు. గుట్టంతా కంచె లోపలికి పోయింది. మేం ఆకుకు పోయే తోవ టూరిస్టుల జీపులకు రోడ్డవుతుందట.

సాయంత్రం ఊరంతా బడి ముందర కూడింది.

"ముందుగాల చప్పట్లు సురువు జేసింది కట్టయ్య మామనే," అన్నది సారలమ్మ.

"సారు అయిపోయిండనుకున్న. అయిపోయింది మనమని నాకేం ఎర్క?" అన్నాడు కట్టయ్య.

నవ్వారు. ఆ నవ్వు నిలవలేదు. ఆకు డబ్బు లేకపోతే వానాకాలం విత్తనాలు లేవు, నాకు కాలేజీ లేదు.

"కంచె పీకి పారేద్దాం," అన్నాడు చంద్రమౌళి అన్న.

"పీకుతవ్. రేపు నీ మీద కేసు, ఎల్లుండి మళ్ల కంచె," అన్నది యాకమ్మ చిన్నమ్మ. "గా ప్లాన్ల మన మాట వడాలె. మళ్ల మీటింగు పెట్టమందాం."

"తెలుగుల," అన్నాను మెల్లగా. ఎవరూ వినలేదనుకున్నాను.

"ఇన్నరా? పిల్ల జెప్పింది. తెలుగుల పెట్టాలె!" అని గట్టిగా అన్నది చిన్నమ్మ.

రేంజ్ ఆఫీసు ముందు ఊరంతా బైఠాయించాం. మళ్లీ మీటింగుకు తారీఖు ఇచ్చేదాకా లేవలేదు. ఇచ్చారు గాని, సరిగ్గా ఆకు తెచ్చే వేళకే ఇచ్చారు. మేం రాలేమని వాళ్ల లెక్క.

గార్డు కన్నుగప్పి చీకట్లోనే ఆకుకు పోయిన ఆడవాళ్లు గుట్ట దిగి మూటలతో నేరుగా బడికొచ్చారు. కుర్చీలు వదిలేసి నేల మీద కూర్చుని ఆకు కుప్పలు పోశారు. పెద్దసారు ఈసారి తెలుగులో మాట్లాడుతున్నంతసేపూ ఆకు సర్దుతూ, నార చుట్టి కట్టలు కడుతూనే ఉన్నారు. ఆయన ముగించి చుట్టూ చూశాడు. ఆకుల గలగల తప్ప ఏమీ లేదు.

"ఏమ్మా, ఈసారి చప్పట్లు లేవా?" అని నవ్వాడు.

"చేతులు ఖాళీ లేవు సారూ," అన్నది సారలమ్మ.

"సరే. ఎవరూ కాదనలేదు కాబట్టి..."

"కాదంటానం." యాకమ్మ చిన్నమ్మ కట్ట బిగించి పక్కన పెట్టింది. "అడవిని కాపాడద్దంటలేము. జంతువులు నీళ్లు తాగే మడుగు కాడ మేమే ఆకు ముట్టం. ఏడ కొయ్యాలె, ఏడ ఇడిసిపెట్టాలె, మాతోని గూసోని గీత గీయిండ్రి. మమ్ముల అడగకుంట గీసిన గీతను మేం దాటుతం."

"ప్రభుత్వ పనికి అడ్డం వస్తున్నావు!"

"మా బడిల మేం గూసుంటె అడ్డమెట్లయితది సారూ?" అన్నాడు కట్టయ్య.

పోలీసులు వచ్చారు. చిన్నమ్మ రెక్క పట్టుకుని జీపు ఎక్కించారు. జీపు కదులుతుంటే ఆమె తల బయటికి పెట్టి అరిచింది: "నా ఆకు వాడుతది, కట్టుండ్రే!"

ఆమె కుప్ప చుట్టూ కూర్చున్నాం. నేను కట్టిన కట్ట జారిపోయింది. "గట్టిగ గుంజు బిడ్డా, గది తెగది," అన్నది సారలమ్మ. ఆ కుప్ప ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఇంటికి పోలేదు.

తెల్లారి ఊరంతా గుట్టకు నడిచింది. ఎన్నడూ ఆకు కోయని దర్జీ సత్యనారాయణ వచ్చాడు, చర్చి నుంచి మరియమ్మ వచ్చింది. తోవకు అడ్డంగా కొత్తగా గొలుసు కట్టి ఉంది. దాని వెనుక ఓంప్రకాశ్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"ఎవ్వలు దాటినా వీడియో తీస్తాన!"

నేను చున్నీ నడుముకు చుట్టుకుని ముందుకు పోయాను.

"అందరి మొఖాలు వడేటట్టు తియ్యన్నా. పెద్దసారుకు చూపియ్యి. గిదే మా అభిప్రాయం."

గొలుసు దాటాను. నా వెనుక కట్టయ్య మామ, ఆయన వెనుక ఊరు. గుట్ట మీద యాకమ్మ చిన్నమ్మ వంతు ఆకు కూడా కోశాం.